స్లాబు మీద గాలి లెక్క: హనుమకొండ ప్రాజెక్టు డైరీ

మార్చి, రెండో వారం

పైపు తయారైంది. అంగుళమున్నర జీఐ పైపు, పది ఫీట్లు. హంటర్ రోడ్డులో వెల్డింగ్ చేసే ఆయన కింద నాలుగు బోల్టుల ప్లేటు, పైన అడ్డంగా ఒక చేయి అతికించి ఇచ్చాడు. "ఏంది సారూ, డిష్షుకా?" అన్నాడు. గాలి కొలిచే మిషన్‌కు అని చెప్తే నవ్వాడు. "గాలొస్తే మాకు తెల్వదా? దానికో మిషన్ గూడనా!"

గాలి వచ్చిందని అందరికీ తెలుస్తుంది. ఎంత వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది, వానకు ఎంత ముందు వచ్చింది అని తెల్లారి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. వాతావరణశాఖ హెచ్చరికలో "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని ఉంటుంది. మర్నాడు పేపర్లో విరిగిన స్తంభాలు, లేచిపోయిన రేకుల ఫొటోలు వస్తాయి. ఈ రెండింటి నడుమ మా గల్లీలో నిజంగా ఏం జరిగిందో చెప్పే అంకె ఎక్కడా దొరకదు. హనుమకొండలో వాతావరణశాఖ కేంద్రం ఉంది, మండలాల్లో ప్రభుత్వ ఆటోమేటిక్ స్టేషన్లూ ఉన్నాయి. కానీ ఎండకాలపు దుమారంలో అసలు దెబ్బ తగిలే చోటు రెండు మూడు కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండకపోవచ్చు. రెండు స్టేషన్ల నడుమ నుంచి అది జారిపోయిందంటే రికార్డులో ఆ రోజు మామూలు రోజే.

రాడార్ ఉంది కదా అని అడుగుతారు. హైదరాబాద్ డాప్లర్ రాడార్ మనకు 140 కిలోమీటర్ల దూరం. దాని కిరణం అర డిగ్రీ పైకి చూస్తూ బయల్దేరినా, దారి పొడుగునా భూమి వంపు తిరిగిపోతుంది కాబట్టి వరంగల్ మీదికి వచ్చేసరికి రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. మబ్బు కడుపులో ఏముందో రాడార్‌కు బాగానే కనిపిస్తుంది. కింద రేకును లేపిన గాలి దానికి కనిపించదు.

అందుకే ఈ పైపు.

మార్చి, మూడో వారం

సామాను లెక్క: గాలి వేగం కొలిచే మూడు గిన్నెల ఎనిమోమీటర్, దిక్కు చూపే వేన్, వాన కొలిచే టిప్పింగ్ బకెట్, ఈ మూడూ ఒకే సెట్టుగా ఆన్‌లైన్‌లో తెప్పించినవి. బుర్ర ఈఎస్‌పీ32 బోర్డు. ఉష్ణోగ్రత, తేమ, పీడనానికి బీఎంఈ280 అనే చిన్న సెన్సర్. దాని మీద ఎండ పడకుండా గూడు కావాలి. కొనుక్కునే గూడు ఖరీదు చూసి, నర్సరీలో మొక్కల కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ ప్లేట్లు తెచ్చాను. నడుమ బొక్క కోసి, పొడుగు బోల్టుల మీద ఒకదాని మీద ఒకటి బోర్లించి, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి, తెల్ల రంగు కొట్టాను. గాలి ఆడుతుంది, ఎండ తగలదు. అయినా సాయంత్రం పూట స్లాబు సెగ కొడుతుంది. నేల మీద గడ్డిలో పెట్టిన స్టేషన్‌తో నా ఉష్ణోగ్రత సరిపోదు, అది ముందే ఒప్పుకున్న సంగతి. నాకు కావాల్సింది నిమిషాల్లో ఎంత పడిపోయిందనేది, దానికి ఇది చాలు.

ఎనిమోమీటర్ ఎట్లా పనిచేస్తుందంటే, గిన్నెలు తిరిగితే లోపలి అయస్కాంతం ఒక రీడ్ స్విచ్‌ను టక్కుటక్కుమని మూస్తుంది. సెకనుకు ఒక టక్కు అంటే గంటకు 2.4 కిలోమీటర్లు అని తయారీదారు లెక్క. నమ్మొచ్చా లేదా చూద్దామని గాలి లేని తెల్లవారుజామున కరీంనగర్ రోడ్డు ఎక్కాం. తమ్ముడు కారు నడిపాడు, నేను కిటికీలోంచి కర్రకు కట్టిన మిషన్‌ను కారు పైకప్పుకు చాలా ఎత్తులో పట్టుకున్నాను. కారు మీద నుంచి లేచే గాలి తగలకూడదు, అందుకే అంత ఎత్తు. అటు ఒకసారి, ఇటు ఒకసారి పోయి సగటు తీసి, ఫోన్ జీపీఎస్ వేగంతో పోల్చాం. తక్కువ వేగంలో కాస్త తక్కువ చూపిస్తుంది, అరవై దగ్గర దాదాపు సరిగ్గా ఉంది. చాలు.

వేగం చెప్పేటప్పుడు దేని సగటు అన్నది ముఖ్యం. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతిలో గాలి ఉధృతి అంటే మూడు సెకన్ల సగటు. మామూలు గాలి అంటే పది నిమిషాల సగటు. ఎనిమోమీటర్ పది మీటర్ల ఎత్తున, చుట్టూ ఖాళీ జాగాలో ఉండాలి. మా ఇల్లు రెండంతస్తులు, పైపు కలిపితే పది మీటర్లు అవుతుంది. ఖాళీ జాగా మాత్రం హనుమకొండలో ఎవరి స్లాబుకూ లేదు. పడమర వైపు కొత్త అపార్ట్‌మెంటు లేస్తోంది. అది పూర్తయ్యాక నా పడమటి గాలి లెక్కలన్నీ తగ్గించి చదువుకోవాల్సిందే.

వేన్‌కు ఉత్తరం కుదర్చడం అనుకున్నదానికంటే తలనొప్పి పని. ఇనుప పైపు పక్కన ఫోన్ దిక్సూచి పెడితే పిచ్చిగా తిరుగుతుంది. చివరికి ఉపగ్రహ మ్యాపులో మా ఇంటి నుంచి గోవిందరాజుల గుట్టకు గీత గీసి, ఆ కోణం రాసుకుని, కంటితో గుట్ట వైపు గురి చూసి బిగించాను.

ఏప్రిల్ మొదట్లో

కరెంటు సంగతి. ఇక్కడ గాలి రాకముందే కరెంటు పోతుంది. తీగలు తెగితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి ఆపేయడమే మంచిది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే కరెంటు పోతే వైఫై పోతుంది, సరిగ్గా నాకు కావాల్సిన పది నిమిషాలూ పోతాయి. అందుకని బోర్డుకు రెండు 18650 రకం రీచార్జి సెల్లులు, చిన్న సోలార్ పలక పెట్టాను. లెక్కలన్నీ ముందు మెమరీ కార్డులోకి, ఆ తర్వాతే నెట్టుకు. రౌటర్‌కు కూడా ఒక చిన్న యూపీఎస్ కట్టాను.

పైపుకు మూడు వైపులా స్టే వైర్లు కట్టి, విడిగా ఎర్తింగ్ ఇచ్చాను. ఇంట్లో వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాను: ఉరుము వినపడ్డాక స్లాబు ఎక్కేది లేదు, బట్టలు తడిసినా సరే. మెరుపుకూ ఉరుముకూ నడుమ మూడు సెకన్లు ఉంటే అది కిలోమీటరు దూరంలో పడ్డట్టు. పుణె సంస్థ వాళ్ల దామిని యాప్ కూడా ఫోన్లో ఉంది, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

అశ్విని కార్తె నడుస్తుండగా

దొరికింది. మొదటి దుమారం పూర్తిగా కార్డులో పడింది.

సాయంత్రం 5.10కి 39.4 డిగ్రీలు, తేమ 24 శాతం, ఆగ్నేయం నుంచి మెల్లటి గాలి. పడమర మబ్బు నల్లబడింది, కానీ ఇక్కడ ఎండ ఇంకా ఉంది. 5.22 నుంచి పీడనం లేవడం మొదలై, నాలుగైదు నిమిషాల్లో ఒకటిన్నర హెక్టాపాస్కల్ పెరిగింది. 5.26కి వేన్ ఒక్కసారిగా వాయవ్యానికి తిరిగింది. 5.28కి మూడు సెకన్ల గాలి గంటకు 71 కిలోమీటర్లు. బకెట్ మొదటిసారి ఒరిగింది 5.37కి. ముప్పావు అయ్యేసరికి 27 డిగ్రీలు.

వాన కంటే తొమ్మిది నిమిషాల ముందే గాలి తన పని చేసుకుపోయింది. చూడాల్సింది అదీ. మనం "వానొస్తుంది" అని తయారవుతాం, నష్టం చేసేదేమో వాన కంటే ముందు పొడిగా, మట్టి కళ్లలో కొడుతూ వస్తుంది.

ఇట్లా ఉన్నట్టుండి లేచే ఈదురుగాలిని స్క్వాల్ అనడానికి ఒక కొలత ఉంది. గాలి ఉన్నట్టుండి సెకనుకు 8 మీటర్లకు తక్కువ కాకుండా పెరగాలి, 11 మీటర్లకు చేరాలి, అంటే గంటకు 40 కిలోమీటర్లు, కనీసం నిమిషం నిలవాలి. మాది అన్నిటికీ సరిపోయింది.

ఇంత గాలి ఎక్కడిది? ఈ నెలల్లో బులెటిన్లలో తరచూ వినపడే ద్రోణి, అంటే పీడనం తక్కువుండే పొడుగాటి పట్టీ, విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి సాగేది, దానికి ఒకవైపు ఎండిపోయిన వాయవ్య గాలి, ఇంకోవైపు బంగాళాఖాతం తేమ. రెండూ కలిసే చోట, కింద నలభై డిగ్రీల ఎండ తోడైతే మబ్బు గోపురం లేచినట్టే. అయితే మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉందన్నదే అసలు కిటుకు. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలి ఎంతకు చల్లబడితే తేమ నీరుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత) తేడా ఎన్ని డిగ్రీలుంటే ఒక్కోదానికి సుమారు 125 మీటర్లు లెక్క. ఆ రోజు 39 డిగ్రీలు, 24 శాతం తేమ అంటే డ్యూ పాయింట్ 15 దగ్గర. తేడా 24, అంటే మబ్బు అడుగు మూడు కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి జారిన చినుకు దారిలోనే చాలా వరకు ఆవిరై, ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి ధడేల్మని నేలకు దిగుతుంది. బిందెడు నీళ్లు స్లాబు మీద ఒక్కసారి కుమ్మరిస్తే నాలుగు దిక్కులా ఎట్లా పరుగెత్తుతాయో అట్లా పరుచుకుంటుంది. అదే జులైలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు మబ్బు అడుగు అర కిలోమీటరు ఎత్తునే ఉంటుంది, చినుకు ఆవిరయ్యే జాగా లేదు. ఆషాఢంలో కుండపోత కురిసినా రేకులు పెద్దగా లేవవు, చైత్రంలో నాలుగు చినుకులకే లేస్తాయి. నా మట్టుకు నాకు ఈ ఒక్క లెక్క పైపు ఖర్చును వసూలు చేసిపెట్టింది.

ఆ తెల్లారి

కార్డులో అంకె ఉంటే సరిపోదు, కింద ఏమైందో చూడాలి. మేం నలుగురైదుగురు వాతావరణం పిచ్చోళ్లం ఉన్నాం. ఘన్‌పూర్‌లో ఒక సారు, ధర్మసాగర్‌లో ఒక అన్న, పరకాలలో ఒక తమ్ముడు, ఇక్కడ నేను. పొద్దుగాలే వడ్డేపల్లి చెరువు వైపు నుంచి కాజీపేట దాకా తిరిగాం. మున్సిపాలిటీ వాళ్లు కొమ్మలు కొట్టి తీసేలోపు తిరగాలి, ఆలస్యమైతే సాక్ష్యం ట్రాక్టర్ ఎక్కిపోతుంది.

రాసుకున్నవి ఇవి: చెట్టు ఏది, వేళ్లతో లేచిందా మాను విరిగిందా, కొన ఎటు పడింది, మాను లోపల పుచ్చు ఉందా. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. పుచ్చిన మాను ముప్పై కిలోమీటర్ల గాలికీ పడుతుంది, అది గాలి గురించి ఏమీ చెప్పదు. గాలి జోరును మెట్లుగా చెప్పే బోఫోర్ట్ కొలమానంలో చిన్న కొమ్మలు తెగడం 62 నుంచి 74 కిలోమీటర్ల మెట్టు, చెట్లు వేళ్లతో లేవడం 89 దాటిన మెట్టు. మాకు లేచిన చెట్లూ కనిపించాయి. దగ్గరికి పోయి చూస్తే దాదాపు అన్నిటికీ ఒకటే కథ: మోరీ కోసం తవ్వినప్పుడు ఒక వైపు వేళ్లు నున్నగా కోసేసి ఉన్నాయి, ఇంకో వైపు మాను మొదలు దాకా సిమెంటు. ఒక పచ్చతురాయి వేళ్ల మధ్య పాత పైపు ముక్క ఇరుక్కుని అట్లాగే ఆకాశం వైపు చూస్తోంది. ఆ చెట్టును పడేయడానికి 89 అక్కర్లేదు. నా 71 చాలు.

దిక్కులు మ్యాపు మీద పెడితే మాత్రం ముచ్చటగా ఉంది. మా కాలనీలో అన్నీ ఆగ్నేయానికి పడ్డాయి. కొంచెం ఉత్తరాన తూర్పుకు, చెరువు అవతల దక్షిణానికి. ఒక చోటి నుంచి బయటికి పరుచుకున్నట్టు. సుడిగాలి అయితే చెట్లు ఒకదాని మీదికొకటి అడ్డదిడ్డంగా, లోపలి వైపుకు తిరిగి పడతాయి. పై నుంచి దిగిన గాలి అయితే ఇట్లా బయటికి పడతాయి. ఈ తేడాను నేల మీద చెట్లు చూసి, విమానంలోంచి చూసి తేల్చినవాడు ఫుజిటా అనే వాతావరణ శాస్త్రవేత్త. 1975లో న్యూయార్క్‌లో దిగబోతూ కూలిన విమానం సంగతి తవ్వుతూ, దిగుడు గాలికి డౌన్‌బరస్ట్ అని పేరు పెట్టింది ఆయనే.

మాటల్లో ములుగు జిల్లా తాడ్వాయి అడవి రాకుండా ఉంటుందా. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం నడుమ వేలకు వేల చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. అది సుడిగాలా, దిగుడు గాలా అన్నది మా ఘన్‌పూర్ సారుకూ పరకాల తమ్ముడికీ ఇప్పటికీ తెగని పంచాయితీ. తమ్ముడు తాడ్వాయి దాకా పోయి వచ్చినవాడు. "సారూ, మీరు ఫొటోలు సూసి మాట్లాడుతున్నరు. నేను లోపలికి వొయ్యి సూసిన" అంటాడు. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మరి దిక్కులు రాసుకున్నవా బిడ్డా?" అంటాడు. అక్కడితో తమ్ముడు టీ చెప్పడానికి లేస్తాడు.

ఏప్రిల్ ఆఖర్లో

వెల్డింగ్ ఆయన మళ్లీ కలిశాడు, ఆయన షెడ్డు రేకులు రెండు లేచిపోయాయట. "పైన బండలు గూడ పెట్టిన సారూ" అన్నాడు. కూర్చుని కాగితం మీద లెక్క చేసి చూపించాను.

గాలి ఒత్తిడికి మన ఇంజినీర్లు వాడే సూత్రం తేలిక: వేగం సెకనుకు మీటర్లలో, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లు. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. 240 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 24 కిలోలు. పది ఫీట్ల రేకు, మూడున్నర ఫీట్ల వెడల్పు, మొత్తం మూడు చదరపు మీటర్ల పైమాట. దాని మీద పడే బలం 80 కిలోల దగ్గర. అర మిల్లీమీటరు మందం రేకు బరువు 14 కిలోలు ఉంటే గొప్ప. వేగం 90 అయితే బలం 120 దాటుతుంది. వేగం పావు వంతు పెరిగితే బలం సగానికి పైగా పెరుగుతుంది.

ఇది గాలి తిన్నగా కొట్టినప్పటి లెక్క. రేకు మీద నుంచి గాలి జారేటప్పుడు పైకి గుంజుతుంది, అంచుల దగ్గర, మూలల దగ్గర మరీ ఎక్కువ. గాలొచ్చే వైపు షెడ్డు తెరిచి ఉందంటే లోపల నిండిన గాలి కింద నుంచి తోస్తుంది, రెండూ కలుస్తాయి. ఆయన షెడ్డు పడమర మొహం. షట్టర్ ఎత్తి ఉంది. మూల రేకులే లేచాయి.

బండల సంగతి నాకు మొదటి నుంచీ నచ్చదు. పది కిలోల బండ రేకును ఆపదు, రేకుతో పాటు లేచి ఎవరి నెత్తి మీదనో పడుతుంది. దాని బదులు అంచు వరుసలో జె బోల్టులు దగ్గర దగ్గరగా వేయించుకోవడం నయం. ఆయన విన్నాడు. బోల్టులు వేస్తానన్నాడు. బండలు మాత్రం తీయలేదు, నిన్న పోతూ చూశాను.

భరణి కార్తె

"భరణి కురిస్తే ధరణి పండుతుంది" అన్న సామెత ఎప్పటిదో గానీ, యాసంగి వరి కోతకొచ్చే రోజుల్లో భరణి కురిస్తే కల్లంలో ఉన్నవాడి గుండె జారుతుంది. రాళ్లవాన పడితే ఇంకా అన్యాయం. పండిన గింజ మడిలోనే రాలిపోయి, గొలుసులు ఖాళీగా నిలబడి ఉంటాయి. 2023 మార్చిలో ఇట్లాగే మక్క, మిర్చి, మామిడి పోతే, అప్పటి ముఖ్యమంత్రి దుగ్గొండి దిక్కు వచ్చి చూసి ఎకరానికి 10 వేలు ప్రకటించారు.

రాళ్లను కొలవడానికి ఖర్చు లేని సాధనం ఒకటి ఉంది. అంగుళం మందం థర్మాకోల్ పలక, అడుగుకు అడుగు, దాని మీద వంటింటి అల్యూమినియం రేకు చుట్టి స్లాబు మీద బిగించడమే. రాయి పడితే గుంత పడుతుంది. గుంత వెడల్పు రాయి సైజు చెప్తుంది, గుంత కోలగా ఉంటే ఏ వాలున వచ్చిందో చెప్తుంది. పరకాల తమ్ముడి పలక మీద పడ్డాయి. ఎక్కువ గుంతలు పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు, ఒక మూలన ఒకటి ఇరవై రెండు. అన్నీ ఆగ్నేయం వైపుకు కోలగా సాగి ఉన్నాయి. గోలీలు పై నుంచి వదిలి ఆ గుంతలతో పోల్చుకుంటున్నాం గానీ, గాజు మంచు కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు కాబట్టి దాన్ని అంచనాగానే తీసుకోవాలి.

ఇదంతా ఒక ఎత్తు, ధర్మసాగర్ అన్న ఫోన్ ఒక ఎత్తు. మన దిక్కు దుమారాలు ఎక్కువసార్లు పడమర నుంచో వాయవ్యం నుంచో వస్తాయి. ధర్మసాగర్ మాకు పడమర, పదిహేను కిలోమీటర్లు. గాలి అంచు గంటకు నలభై కిలోమీటర్లతో నడిచినా ఇరవై నిమిషాల పైనే పడుతుంది. మొన్న సాయంత్రం ఫోన్ చేశాడు: "తమ్మీ, ఇక్కడ దుమారం లేసింది. మబ్బు మీ దిక్కే వోతాంది. పావుగంటల మీకు తగుల్తది." నేను వెంటనే మా మేనమామకు చేశాను. ఆయన వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో కుప్ప పోసి ఉన్నాయి, తేమ 17 శాతానికి దిగితేనే కాంటా అవుతుంది, ఇంకా రెండు ఎండలు కావాలి. "అరేయ్, ఇక్కడ ఎండ కొడ్తాంది కదరా" అన్నాడు. "కొట్టనీ మామా, ముందు పరదా కప్పు, అంచులకు బస్తాలు పెట్టు" అన్నాను. పక్క కుప్పలవాళ్లూ ఆయన్ని చూసి కప్పారు. ఎగిరిపోయిన పరదాను చెరో పక్కన పట్టుకుని గుంజడం చాలామంది చూసే ఉంటారు. గాలి మొదలయ్యాక నలుగురు మనుషులు చేయలేని పని, మొదలయ్యే ముందు ఇద్దరు చేస్తారు.

దాంతో ప్రాజెక్టు దారి మారింది. ఎంత వేగం వచ్చిందని నా స్లాబు మీద పట్టుకోవడం బాగానే ఉంది, మ్యాపులకూ వాదులాటలకూ పనికొస్తుంది. అక్కరకు వచ్చేది మాత్రం నాకంటే పడమర ఉన్నవాడి అంకె. పీడనం ఐదు నిమిషాల్లో ఒక హెక్టాపాస్కల్ లేచి, వేన్ పడమర వైపుకు తిరిగి, ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు పడితే బోర్డు తనే నలుగురికి మెసేజ్ పంపేట్టు ప్రోగ్రాం రాస్తున్నాను. మూడూ కలిస్తేనే. ఒక్క పీడనాన్ని నమ్మితే అనవసరంగా మోగుతుంది, ఒక్క వేన్‌ను నమ్మితే పక్కింటి అపార్ట్‌మెంటు సుడికే మోగుతుంది.

మే మొదట్లో

రెండో సెట్టుకు ప్లేట్లు కోయడం అయింది. ధర్మసాగర్ అన్న పొలం దగ్గర బోరు షెడ్డు పక్కన పైపు పాతుతాం, చుట్టూ నిజంగానే ఖాళీ జాగా. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక గీత మాత్రమే వస్తుంది కాబట్టి సిమ్ మాడ్యూల్‌కు పొడుగు యాంటెనా కావాలి. కోతులు గిన్నెలు పీకకుండా పైన ముళ్ల తీగ చుట్టాలని అన్న అంటున్నాడు. గిన్నెలకు తీగ అడ్డం రాకుండా ఒక అడుగు కిందికి చుట్టుకోమని చెప్పాను. ఘన్‌పూర్ సారు మూడో సెట్టుకు డబ్బులు ఇస్తానన్నాడు, ఒక షరతు పెట్టాడు: పరకాల తమ్ముడు ఈసారి దిక్కులు రాసుకోవాలట. కృత్తికలోపు ధర్మసాగర్ పైపు నిలబడాలి. ఆదివారం సిమెంటు, కంకర తీసుకుని పోతున్నాం.